విద్యార్థి సంఘం ప్రెసిడెంట్ పోస్టు – ఖమ్మం నుంచి మొదలైన కథలో మన చోటు ఎక్కడ?

పోస్టు పొడుగే. టైం ఉన్నప్పుడు నిదానంగా చదవండి.

యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్ ప్రెసిడెంట్‌గా మన పిల్లలు నిలబడొచ్చా అని కొందరు తమ్ముళ్లు అడుగుతున్నారు. నిలబడొచ్చు. కాకపోతే సత్తుపల్లిలో డిగ్రీ చదివే మాలాంటోళ్లం కాకతీయ యూనివర్సిటీ కిందికి వస్తాం, అక్కడ ఆ ఎన్నికే లేదు. ఉస్మానియాలోనూ లేదు. 1988లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం క్యాంపస్‌లలో గొడవలు, హత్యలు కారణంగా చూపి ఉమ్మడి రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపేసింది. తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారినా, రాష్ట్రమే రెండయినా, అవి తిరిగి రాలేదు.

ఆ కారణం పూర్తిగా అబద్ధమని మేము అనం. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియాలో ఫిజిక్స్ విద్యార్థి జార్జిరెడ్డిని ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర కత్తులతో పొడిచి చంపారు. గూండాయిజం నిజంగానే ఉండేది. కానీ ఎమ్మెల్యే ఎన్నికల్లో కూడా తలలు పగులుతాయి గదా, వాటిని ఎవరైనా రద్దు చేశారా? ఇంకో విచిత్రం చూడండి. అదే 1988 డిసెంబర్‌లో పార్లమెంటు ఓటు వయసును 21 నుంచి 18కి దించే 61వ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. దేశాన్ని ఎవరు పాలించాలో చెప్పే తెలివి 18 ఏళ్లకు వచ్చిందన్నారు. మెస్‌లో పప్పు నీళ్లలాగా ఉందని అడిగే ప్రతినిధిని ఎన్నుకునే తెలివి మాత్రం మన రాష్ట్రంలో రాలేదన్నమాట.

మన ఏజెన్సీ ఊళ్ల సంగతి ఇంకా వింత. పెసా చట్టం 1996లో వచ్చింది. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్పంచ్ పదవి గిరిజనులదే. దమ్మపేట, అశ్వారావుపేట వైపు గూడెంలో 21 ఏళ్ల అమ్మాయి సర్పంచ్ కావచ్చు. అదే అమ్మాయి డిగ్రీ కాలేజీలో యూనియన్‌కి నామినేషన్ వేద్దామంటే వేసే చోటే లేదు.

మరి ఎన్నిక ఎక్కడ జరుగుతోంది? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో. అది కేంద్రం కింద ఉంటది కాబట్టి రాష్ట్రం పెట్టిన నిషేధం దాని గేటు దాటలేదు. ఆ యూనివర్సిటీ ఎలా వచ్చిందో మనోళ్లలో చాలామందికి తెలియదు. దాని వేరు మన జిల్లాలోనే ఉంది.

పాల్వంచ థర్మల్ కేంద్రంలో స్థానికులకు ఉద్యోగాలు దక్కడం లేదన్న కోపం నుంచి, ఒప్పుకున్న రక్షణలు అమలు చేయాలని 1969 జనవరిలో ఖమ్మం విద్యార్థి అన్నాబత్తుల రవీంద్రనాథ్ నిరాహార దీక్షకు కూర్చున్నాడు. అది ఉస్మానియా దాకా పాకింది. మల్లికార్జున్, శ్రీధర్ రెడ్డి లాంటి విద్యార్థి నాయకులు ముందుకొచ్చారు, కాల్పులు జరిగాయి, పిల్లలు చనిపోయారు. 1972లో ఆంధ్ర వైపు ఇంకో ఉద్యమం లేచింది. రెండింటినీ చల్లార్చడానికి ఇందిరాగాంధీ ప్రభుత్వం 1973లో ఆరు సూత్రాల పథకం తెచ్చింది. అందులో ఒక సూత్రం హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం. 1974లో అది పుట్టింది. ఖమ్మంలో ఒక విద్యార్థి కూర్చున్న దీక్షకీ, ఇవాళ గచ్చిబౌలిలో పడే యూనియన్ ఓటుకీ ఇట్లా చుట్టరికం ఉంది.

ఒక మాట మధ్యలో. పాల్వంచ చుట్టూ అన్నీ కోయగూడేలే. స్థానికులు అంటే ముందు వాళ్లే కావాలి. 1969 గురించి మేము చదివిన పుస్తకాల్లో ఆ గూడేల ఊసు పెద్దగా లేదు.

సెంట్రల్ యూనివర్సిటీలో మనోళ్లు ఊరికే కూర్చోలేదు. ట్రైబల్ స్టూడెంట్స్ ఫోరం అని పెట్టుకుని ప్యానెళ్లలోకి వచ్చారు. 2017లో సామాజిక న్యాయ కూటమిలో ఫోరంకి ఉపాధ్యక్ష స్థానం ఇచ్చారు. 2019లో ఎస్ఎఫ్ఐ, ఏఎస్ఏ, డీఎస్‌యూలతో కలిసి పోటీ చేస్తే కూటమి గెలిచింది, మనకు సంయుక్త కార్యదర్శి వచ్చింది. ఈ రెండుసార్లూ ప్రెసిడెంట్ పోస్టు వేరే సంఘాలదే. పొత్తు తప్పని మేము అనడం లేదు, ఒంటరిగా పోతే ఆ చివరి స్థానం కూడా రాదు. అయినా సీట్ల పంపకం జరిగేటప్పుడు మన ఓట్లు మొదట్లో, మన పేరు చివర్లో ఎందుకుంటున్నాయో అడగాలి.

పోటీ హక్కు ఎంత విలువైందో తీసేసినప్పుడు తెలుస్తది. రోహిత్ వేముల, ఇంకో నలుగురు దళిత పరిశోధక విద్యార్థుల మీద పెట్టిన శిక్షలో హాస్టల్ నుంచి పంపేయడంతో పాటు యూనియన్ ఎన్నికల్లో పాల్గొనకూడదు అన్నది కూడా ఉంది. 2016 జనవరి 17న రోహిత్ చనిపోయాడు.

ఇప్పుడు రూల్స్. సుప్రీంకోర్టు చెప్పిన మీద మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ లింగ్డో నాయకత్వంలో కమిటీ వేశారు. దాని సిఫారసులు 2006 నుంచి అమలు చేయాలని కోర్టు చెప్పింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, అచ్చు పోస్టర్లు వేయకూడదు, చేత్తో రాసినవే అతికించాలి. ఇవి పేదోడికి మేలు చేసేవే. మనకు అడ్డం పడేవి వేరే ఉన్నాయి. డిగ్రీ విద్యార్థికి వయసు 17 నుంచి 22 లోపు, పరిశోధక విద్యార్థికి 28 దాకా. హాజరు 75 శాతం తగ్గకూడదు. ఆ ఏడాది బ్యాక్‌లాగ్ ఉండకూడదు. మనోళ్లలో పదో తరగతి తర్వాత ఒకటి రెండేళ్లు పనికి పోయి మళ్లీ చదువుకొచ్చినోళ్లు ఎంతమంది! జనవరి నుంచి మిరప కోతలు, ఎండాకాలం తునికాకు. అమ్మకు ఒంట్లో బాగోకపోతే కూలికి పోయేది మనమే. ఇంగ్లీష్ మీడియంలో మొదటి సెమిస్టర్ ఒక పేపర్ పోవడం మా హాస్టల్లో మామూలు విషయం. రూల్ రాసినోళ్లు కులం చూసి రాయలేదు, అయినా వడపోతలో మిగిలేది ఎవరో తెలుస్తూనే ఉంది.

ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2014 విభజన చట్టంలో ఇచ్చిన మాట. పార్లమెంటులో బిల్లు 2023 డిసెంబర్‌లో గానీ పాసవలేదు. 2024లో తరగతులు మొదలయ్యాయి. అది కూడా కేంద్రం కిందిదే, అంటే 1988 సాకు అక్కడ పనికిరాదు. అక్కడ చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు యూనియన్ నియమావళి గురించి ఇప్పటి నుంచే అడగండి. పని కోసం చదువు ఆపినోళ్లకు వయసులో సడలింపు, పంట రోజుల హాజరు, ఈ రెండూ కాగితం మీద పెట్టించండి.

చివరిగా పెద్దలకు ఒక పని. 1988కి ముందు సత్తుపల్లి, కొత్తగూడెం, ఖమ్మం, భద్రాచలం కాలేజీల్లో యూనియన్‌కి నిలబడిన గిరిజన విద్యార్థులు మీకు తెలిస్తే, గెలిచినా ఓడినా సరే, ఏ కాలేజీ, ఏ సంవత్సరం, ఏ పోస్టు అన్నది కింద రాయండి. వాళ్లు ఒప్పుకుంటేనే పేరు పెట్టండి. పాత కరపత్రం, ఫోటో ఏదైనా ఉంటే అడ్మిన్ అన్నకు పంపండి. మేము అన్నీ ఒక నోట్‌బుక్‌లో ఎక్కిస్తున్నాం, ఇప్పటికి అందులో మొదటి పేజీ కూడా నిండలేదు.