మన విల్లు కథ మనమే చెప్పాలి

మేం పెద్దారవీడు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నవాళ్లం. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు.

మా దగ్గర దోర్నాల దాటితే నల్లమల. అదే అడవిలో కృష్ణకు అవతల, అమ్రాబాద్ గుట్టల్లో, 1940లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశస్తుడు చెంచుల మధ్య ఉండి వాళ్ల బతుకును రాసుకున్నాడు. 1943లో అది పుస్తకమైంది. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లో సోయాస్ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆయన మేలు కాదనం. కానీ విల్లుకు ఏ కర్ర పనికొస్తది, ఏ పాట ఎప్పుడు పాడాలి అన్నది గూడెం పెద్దోళ్లకే తెలుసు. వాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు.

పాత వస్తువును కాపాడి, దాని కథ రాసి, జనానికి చూపించే పనికీ పీజీ చదువుంది. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో మ్యూజియాలజీ, కన్జర్వేషన్, కళాచరిత్ర చెబుతారు. 'అది చదివితే ఏం ఉద్యోగమొస్తది?' అని మా ఇంట్లోనూ అడిగారు. శ్రీశైలంలో చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం ఉంది కదా! అట్లాంటి చోట అద్దం వెనక ఉన్న విల్లు గురించి చెప్పే మనిషి మనోడే ఎందుకు కాకూడదు?

ఈ సెలవుల్లో ఒక్క పని చేద్దాం. పెద్దోళ్లు ఒప్పుకుంటే వాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేసి, పేరు, గూడెం, తేదీ రాసిపెడదాం. ఆ చదువు అక్కడే మొదలైతది.