విజేత కొడుకు - ఓడినవారి మాట

ఉరితీసిన మనిషికి పాలకులు భయపడతారనడానికి మా కోయిలకుంట్ల ఒక సాక్ష్యం. 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కంపెనీ వారు ఇక్కడే ఉరితీశారు. ఆయన తలను 1877 దాకా కోటకు వేలాడదీసి ఉంచారు. పెరూలో స్పానిష్ పాలకులు ఇలాంటి పనే 1781లో చేశారు. తిరుగుబాటు నాయకుడు రెండవ టుపాక్ అమారును కుస్కో నగరంలో చంపి, తలను టింటా అనే ఊళ్లో ప్రదర్శించారు. అంతటితో వారి భయం తీరలేదు. 1782లో స్పెయిన్ ప్రభుత్వం ఒక పుస్తకాన్ని నిషేధించింది. అప్పటికి ఆ పుస్తకం అచ్చయి 173 ఏళ్లయింది. దాన్ని రాసినవాడు, పెరూను జయించి స్థిరపడిన తొలి స్పానిష్ వారిలో ఒకరి కొడుకు. ఆ జీవితాన్ని మన రచయితలు పరిశీలించాలని నేను కోరుతున్నాను.

ఆయన పేరు ఇన్కా గార్సిలాసో డి లా వేగా. 1539లో కుస్కోలో పుట్టాడు. తండ్రి స్పానిష్ కెప్టెన్, తల్లి చింపూ ఓక్లో ఇన్కా రాజవంశపు స్త్రీ. బిడ్డ ఉగ్గుపాలతో నేర్చింది తల్లి భాష కెచువా. తల్లి బంధువులు ఇంటికి వచ్చి, పోయిన రాజ్యాన్ని తలచుకుని కన్నీళ్లు పెట్టుకుంటుంటే విన్నాడు. తండ్రి ఆ తల్లిని పెళ్లాడలేదు. స్పానిష్ స్త్రీని పెళ్లాడి, ఈమెను మరొకరికి కట్టబెట్టాడు. తండ్రి 1559లో చనిపోయాడు. మరుసటి ఏడాది కొడుకు స్పెయిన్‌కు వెళ్లి, తండ్రి చేసిన సేవకు ప్రతిఫలం అడిగాడు. ప్రభుత్వం ఇవ్వలేదు. తిరిగి పెరూ చూడకుండానే 1616లో కోర్దోబాలో కన్నుమూశాడు.

ఆయన 1609లో లిస్బన్‌లో అచ్చువేయించిన గ్రంథం ఇన్కాల చరిత్ర. స్పానిష్ చరిత్రకారులకు కెచువా రాకపోవడం వల్ల దొర్లిన పొరపాట్లను ఆయన అందులో మాట మాటకూ ఎత్తిచూపాడు. ‘పెరూ’ అన్న పేరే అపార్థంలోంచి పుట్టిందని వాదించాడు. గెలిచినవాడి భాషలో, గెలిచినవాడి అచ్చు యంత్రం మీద, ఓడినవారి తరఫున వేసిన వ్యాజ్యం అది. అందులో లోపం లేదా? ఉంది. ఇన్కా రాజులు ఇతర జాతులను లొంగదీసుకున్న తీరును ఆయన దయగా చిత్రించాడు. రాజవంశపు దౌహిత్రుడి వర్గదృష్టి అది. అయినా తిరుగుబాటు తర్వాత ఆ పుస్తకం పాలకులకు కత్తిలా కనిపించింది.

మన గడ్డ మీద దీనికి దగ్గరగా వచ్చే ఉదాహరణ సి.పి.బ్రౌన్. 1798లో కలకత్తాలో ఇంగ్లీషు మతాచార్యుడి ఇంట పుట్టాడు. 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. నాడు కోయిలకుంట్ల కడప జిల్లాలోదే. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో ప్రకటించాడు. కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పోషించి, తాళపత్రాలను సేకరింపజేసి, పాఠాలను పరిష్కరింపజేశాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది.

పోలిక ఇక్కడితో ఆగుతుంది. గార్సిలాసోకు ఓడినవారి భాష తల్లి భాష; బ్రౌన్‌కు కొలువు కోసం మొదలుపెట్టి, ప్రేమతో కొనసాగించిన భాష. ఒకరికి జ్ఞానం తల్లి బంధువుల కన్నీళ్లలోంచి వచ్చింది. మరొకరికి జీతానికి కుదిరిన పండితుల శ్రమలోంచి వచ్చింది. అయోధ్యాపురం కృష్ణారెడ్డి, జూలూరి అప్పయ్య వంటి పేర్లు మన విద్యార్థుల్లో ఎందరికి తెలుసు? బ్రౌన్‌ను ఆకాశానికి ఎత్తేవారూ, ‘తెల్లదొర’ అని తోసిపుచ్చేవారూ ఈ ప్రశ్నను ఒకే విధంగా దాటవేస్తున్నారు. సేకరణ గొప్పదే. కాని దాన్ని ఒక్కడి ఉదారతగా చూపడం శ్రమను కప్పిపుచ్చడమే.

1846 జూలైలో నరసింహారెడ్డి దండు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డప్పుడు బ్రౌన్ మద్రాసులో కంపెనీ కొలువులో ఉన్నాడు. ఇక్కడి తగాదా మాటల గురించి కాదు. అది పాలెగాళ్ల కుటుంబాలకు చెల్లించే భరణం గురించి, కట్టుబడి బంట్రోతుల మాన్యాల గురించి. తెలుగు మాటలకు అర్థాలు వెతికిస్తున్న ప్రభుత్వమే ఆ మాటలు మాట్లాడే రైతుల మాన్యాలను లాక్కుంది. ఈ రెండూ ఒకే పాలన చేసిన పనులు. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచే చరిత్ర సగం చరిత్రే.

పెరూ తిరుగుబాటుకు ముందే ఒక పుస్తకం ఉంది. రేనాటి తిరుగుబాటుకు పుస్తకం లేదు, పాట ఉంది. నరసింహారెడ్డి కథను తరాల తరబడి మోసింది పండితులు కాదు, పల్లె గాయకులు. నిషేధించడానికి ప్రతులు లేని సాహిత్యం అది. అచ్చయిన దాన్నే సాహిత్యంగా లెక్కగట్టే అలవాటును మనం పాలకుల నుంచే నేర్చుకున్నాం. విజేతల కొడుకులు భద్రపరిచిన దాన్ని కృతజ్ఞతతోనే తీసుకుందాం. కాని ఆ పుటల వెనుక ఉన్న తల్లుల, పండితుల, పాటగాళ్ల పేర్లను తవ్వితీయడం వారి పని కాదు, మన పని. విమర్శకులు ఆ పని చేపట్టనంత కాలం మన సాహిత్య చరిత్ర దొరల జీవిత చరిత్రగానే మిగులుతుంది.