మాట పొదుపు నేర్చిన రేడియోలు

ఉత్తర ఢిల్లీలో రోహిణి, పీతంపురా, షాలిమార్ బాగ్ వైపు చాలా ఇళ్లలో కరెంటు మీటరు రీడింగు కోసం ఇప్పుడు ఎవరూ గేటు తట్టరు. ఆ ప్రాంతానికి కరెంటు సరఫరా చేసే టాటా పవర్ ఢిల్లీ డిస్ట్రిబ్యూషన్ 2018లో లాండిస్ అండ్ గిర్ సంస్థతో కలిసి రేడియో మెష్ పద్ధతిలో పనిచేసే స్మార్ట్ మీటర్లు బిగించడం మొదలుపెట్టింది. మెట్ల కింద చీకట్లో ఉన్న మీటరుకు ఆఫీసుతో నేరుగా మాట్లాడే శక్తి ఉండదు. తన లెక్కను పక్కింటి మీటరుకు అందిస్తుంది. అది ఇంకో మీటరుకు అందిస్తుంది. అలా మజిలీలు మారుతూ కబురు వీధి చివరి రేడియో పెట్టెకు చేరి, అక్కడి నుంచి కంపెనీ సర్వరుకు వెళుతుంది.

ఏ మీటరు ఎవరి చేతికి కబురు ఇవ్వాలో పైనుంచి చెప్పేవాళ్లు ఉండనక్కర్లేదు. ఆ తీర్పు మీటరు లోపలి ప్రోగ్రామే ఇవ్వగలదు. ఈ పనినే రూటింగ్ అంటారు. కంపెనీని బట్టి ప్రోగ్రాము మారుతుంది గానీ, దాని వెనకున్న ఆలోచనలు యాభై ఏళ్లుగా ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వచ్చినవే.

మొదట్లో మజిలీలే లేవు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నడిపిన అలోహా నెట్‌వర్క్‌లో దీవుల్లోని టెర్మినళ్లు కేంద్ర కంప్యూటరుతో రేడియోలో మాట్లాడేవి, అంతే. ఒకరి కబురును మరొకరు మోసే పద్ధతిని 1970లలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా వారి ప్యాకెట్ రేడియో నెట్‌వర్క్ గట్టిగా పరీక్షించింది. అందులో ప్రతి రేడియో 7.5 సెకన్లకోసారి ‘నేనున్నాను, నా చుట్టుపక్కల వీళ్లున్నారు’ అని చాటేది. వాహనాల్లో మోసుకెళ్లే పెద్ద పెట్టెలవి, కరెంటుకు లోటు లేదు. కాబట్టి ఆ వాగుడు ఎవరికీ బరువనిపించలేదు.

1994లో చార్లెస్ పెర్కిన్స్, ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ప్రవీణ్ భగవత్ కలిసి డీఎస్‌డీవీ అనే పద్ధతి ప్రతిపాదించారు. దారుల పట్టికలో ప్రతి నమోదుకూ ఒక వరుస సంఖ్య తగిలిస్తే, పాత సమాచారాన్ని నమ్మి కబురు గుండ్రంగా తిరిగే జబ్బు పోతుందని వాళ్లు చూపించారు. అయితే పట్టికలు మాత్రం పదేపదే పంచుకోవాల్సిందే. 1999లో పెర్కిన్స్, ఎలిజబెత్ రాయర్ తెచ్చిన ఏఓడీవీ ఇంకో అడుగు వేసింది: పని పడ్డప్పుడే దారి వెతుకు, లేనప్పుడు ఊరుకో. తర్వాత జిగ్‌బీ పరికరాల్లోకి చేరింది ఈ దారే.

అసలు మలుపు అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో వచ్చింది. 1990ల చివర క్రిస్ పిస్టర్ ‘స్మార్ట్ డస్ట్’ పేరుతో నలుసంత సెన్సర్ల కల కన్నాడు. 2000లో జేసన్ హిల్, డేవిడ్ కల్లర్ బృందం వాటి కోసం టైనీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసింది. ఆ వరసలో కొన్నేళ్లకు వచ్చిన టెలాస్ అనే బోర్డు మెమరీ 10 కిలోబైట్లు. అందులోని రేడియో ఊరికే చెవి ఒగ్గి వింటున్నా 19 మిల్లీ ఆంపియర్ల దాకా తాగుతుంది. 2,500 మిల్లీ ఆంపియర్ అవర్ల పెన్సిల్ సెల్స్ జత వేస్తే అయిదారు రోజుల్లో ఖాళీ. మాట్లాడటానికే కాదు, వినడానికీ ఖర్చవుతుందన్న నిజం ప్రోగ్రామర్ల మెడకు చుట్టుకుంది. 2002లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు గ్రేట్ డక్ ఐలండ్‌లో సముద్రపక్షుల బొరియల్లో ఇలాంటి చిన్న సెన్సర్ బోర్డులనే పెట్టినప్పుడు, నెలల తరబడి బ్యాటరీ నిలపడమే పెద్ద పరీక్ష అయింది.

ఈ ఇరుకులోంచే మూడు ఆలోచనలు పుట్టాయి.

మొదటిది: ఇక్కడ అందరూ అందరితో మాట్లాడుకోనక్కర్లేదు. సమాచారమంతా చేరేది ఒక్క చోటికే. కాబట్టి ప్రతి నోడూ, అంటే నెట్‌వర్కులోని ప్రతి పరికరమూ, ప్రపంచ పటం మోయకుండా, గమ్యం వైపున్న ఒక్క ‘పేరెంట్’ను గుర్తుపెట్టుకుంటే చాలు. నెట్‌వర్క్ మొత్తం ఒక చెట్టవుతుంది.

రెండోది: దగ్గరి దారి మంచి దారి కాకపోవచ్చు. 2003లో అలెక్ వూ, టెరెన్స్ టాంగ్, కల్లర్ చేసిన ప్రయోగాల్లో ఒక రేడియో లింకు బాగుంటుందా ఉండదా అన్నది దూరాన్ని బట్టే తేలదని బయటపడింది. అందుకే మజిలీలు లెక్కపెట్టడం మాని, ఒక కబురు చేరడానికి సగటున ఎన్నిసార్లు పంపాల్సి వస్తోందో లెక్కపెట్టడం మొదలైంది. దాన్నే ఈటీఎక్స్ అంటారు. నాలుగంతస్తుల ఇంట్లో కింది మీటరు నేరుగా వీధి పెట్టెకు పంపితే సగటున నాలుగు ప్రయత్నాలు పడుతున్నాయనుకుందాం. మధ్యలో రెండో అంతస్తు మీటరును పెట్టుకుంటే ఒక్కో మజిలీకి 1.2 ప్రయత్నాలు చాలు, మొత్తం 2.4. మజిలీ ఒకటి పెరిగింది, ఖర్చు మాత్రం తగ్గింది. ప్రోగ్రాము రెండో దారినే ఎంచుకుంటుంది.

మూడోది ట్రికిల్. 2004లో ఫిలిప్ లెవిస్, నీల్ పటేల్, కల్లర్, స్కాట్ షెంకర్ దీన్ని ప్రచురించారు. పెళ్లి కబురు అప్పటికే నలుగురి నోటా విన్నవాడు మళ్లీ ఊరంతా చాటింపు వేయడు కదా, అదే ఇందులోని సూత్రం. చుట్టుపక్కల అందరూ తాను చెప్పబోయేదే చెబుతుంటే నోడు నోరు మూసుకుంటుంది, తర్వాతి వంతుకు రెట్టింపు సమయం ఆగుతుంది. తేడా మాట వినిపించిందా, గడియారాన్ని మళ్లీ కనిష్ఠానికి తిప్పి వెంటనే మాట్లాడుతుంది.

ఈ మూడింటినీ కలిపిన రూటింగ్ పద్ధతి సీటీపీ. 2009లో దాన్ని 12 టెస్ట్‌బెడ్‌ల మీద పరీక్షించారు. ప్రతిచోటా 90 శాతానికి పైగా కబుర్లు చేరాయి. మామూలు పద్ధతితో పోలిస్తే చాటింపులు 73 శాతం తగ్గాయి.

మన దేశంలో ఈ ప్రయత్నాలు పుస్తకాలకే పరిమితం కాలేదు. ఆంధ్ర సరిహద్దున, తెలుగు బాగా వినిపించే పావగడ తాలూకా చెన్నకేశవపురంలో వర్షాధార రైతుల కోసం బెంగళూరు ఐఐఎస్‌సీ, స్విట్జర్లాండ్ ఈపీఎఫ్ఎల్ కలిసి సెన్సర్లు పెట్టాయి. రైలు వంతెనల ఆరోగ్యం కనిపెట్టడానికి ఐఐటీ కాన్పూర్‌లో పనిచేసిన కామేశ్వరి చెబ్రోలు, భాస్కరన్ రామన్ బృందం 2008లో ‘బ్రైమాన్’ను ప్రకటించింది. రైలు వచ్చేదాకా సెన్సర్లు నిద్రపోతాయి. వచ్చాక వంతెన కంపనాలు కొలుస్తాయి. ఆ సమాచారాన్ని మోసుకెళ్లే బాధ్యత కూడా రైలుకే అప్పగించారు. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో ఏడాదిన్నర నడుస్తుందని వాళ్ల అంచనా.

2008లోనే ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ ఇలాంటి నెట్‌వర్కుల కోసం ఒక బృందాన్ని వేసింది. 2012 మార్చిలో ఆర్‌పీఎల్ ప్రమాణం వెలువడింది. అందులో చెట్టు వేరుకు ఒక ర్యాంకు ఉంటుంది, దూరం పోయేకొద్దీ ర్యాంకు పెరుగుతుంది. వేరుకు చేరాల్సిన కబురు ఎప్పుడూ తక్కువ ర్యాంకు వైపు ఎక్కాలి. చాటింపుల వేగం ట్రికిల్‌దే. ప్రమాణం సూచించిన మామూలు విలువల ప్రకారం గడువు 8 మిల్లీ సెకన్లతో మొదలై, అంతా నెమ్మదిగా ఉంటే 2 గంటల 20 నిమిషాల దాకా సాగుతుంది. 7.5 సెకన్లకోసారి అరిచిన పాత రేడియో నుంచి ఇక్కడికి వచ్చాం.

మీటరుకు కరెంటు కొదవ లేదు కదా, దానికీ పొదుపెందుకు? కొరత ఇక్కడ గాలిలో ఉంది. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లో తెరిచిన 865-867 మెగాహెర్ట్జ్ పట్టీ, 2021లో 868 దాకా పెంచినా, ఇరుకైన దారే. ఒకే కాలనీలో వేల మీటర్లు ఒకేసారి మొదలుపెడితే ఎవరి మాటా వినిపించదు. ఢిల్లీకి ఇది చిన్న విషయం కాదు. 2002లో పంపిణీ ప్రైవేటు చేతికి వెళ్లినప్పుడు ఉత్తర ఢిల్లీలో నష్టాలు 53 శాతం దాకా ఉండేవి. ప్రతి యూనిట్ లెక్కా సర్వరుకు చేరడం అక్కడ డబ్బుతో ముడిపడిన సంగతి.

అందరూ మెష్‌నే ఎంచుకోలేదు. అదే నగరంలో న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్ పరిధిలో ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ బిగించిన మీటర్లు సెల్ నెట్‌వర్కులోనే మాట్లాడతాయి. సిమ్ కార్డు పద్ధతిలో రూటింగ్ తలనొప్పి లేదు, నెలనెలా చందా ఉంది, సిగ్నల్ అందని నేలమాళిగలూ ఉన్నాయి. సందుగొందుల్లో ఇళ్లు ఆనుకుని ఉన్న చోట మెష్‌కే మొగ్గు, విసిరేసినట్టున్న ఇళ్లకు సిమ్మే నయం. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ క్యాంపస్‌లో 2022 నుంచి సిలికాన్ ల్యాబ్స్‌తో కలిసి పరీక్షిస్తున్న వై-సన్ అనే మెష్ నెట్‌వర్క్ కూడా ఆర్‌పీఎల్ మీద కట్టినదే.

ఇది చేసి చూడాలనుకునే ఇంజినీరింగ్ విద్యార్థులు బోర్డులు కొనాల్సిన పని కూడా లేదు. ఇలాంటి చిన్న పరికరాల ఆపరేటింగ్ సిస్టమ్ కాంటికి-ఎన్‌జీ ఉచితం, సీ భాషలో రాసినది, ఆర్‌పీఎల్ అందులోనే ఉంది. దానితో వచ్చే కూజా సిమ్యులేటర్‌లో ఓ ఇరవై నోడ్లు పేర్చి, మధ్యలో ఒకదాన్ని ఆపేసి, మిగతావి ఎంతసేపట్లో కొత్త పేరెంట్‌ను వెతుక్కుంటాయో గమనించండి.