విమానపు రాకను చెవితో పసిగట్టుట

ఇంగ్లండు ఆగ్నేయ తీరమున, కెంట్ మండలములోని డెంజ్ అను చోట మూడు కాంక్రీటు కట్టడములు నేటికిని నిలిచియున్నవి. ఒకటి 20 అడుగుల వ్యాసము గల పుటాకారపు పళ్ళెము. రెండవది 30 అడుగులది. మూడవది 200 అడుగుల పొడవున వంగిన గోడ. 1928–30 సంవత్సరములలో కట్టిన వీనిని ధ్వని దర్పణములందురు. రాడారు లేని ఆ దినములలో శత్రు విమానపు రాకను దాని మోతనుబట్టియే ముందుగా తెలిసికొనవలసియుండెను.

ఈ ప్రయత్నమునకు సూత్రధారి విలియం శాన్సమ్ టకర్. శత్రువుల ఫిరంగులెచ్చట నున్నవో వాని ధ్వనివలన గుర్తించుటకై ఆయన మొదటి ప్రపంచ యుద్ధకాలమున వేడి తీగ మైక్రోఫోనును నిర్మించెను. సన్నని ప్లాటినం తీగను విద్యుత్తుతో వేడిచేసి యుంచుదురు. ధ్వని తరంగము సోకగా గాలి కదలి తీగ చల్లారును. దాని నిరోధము తగ్గును. ఆ మార్పే సంకేతము.

దర్పణమును పరావలయాకారమున గాక గోళాకారమున కట్టుటలో ఒక యుక్తి కలదు. పరావలయ దర్పణము తన అక్షము వెంట వచ్చు తరంగములను మాత్రమే చక్కగా ఒకచోట చేర్చును. విమానమెటు వచ్చిన అటు త్రిప్పుటకు కాంక్రీటు గోడ గొడుగు కాదు గదా! గోళాకారమైనచో, ధ్వని వచ్చు దిక్కు మారినప్పుడు అది కేంద్రీకరించు చోటు మారును. మైక్రోఫోనును అటునిటు జరిపి, మోత హెచ్చుగా వినవచ్చిన చోటునుబట్టి దిక్కును నిర్ణయించెడివారు.

ఈ పద్ధతిని ఓడించినది విమాన వేగము. 32 కిలోమీటర్ల దూరమున పుట్టిన మోత, సెకనుకు 340 మీటర్ల చొప్పున, తీరము చేరుటకు 94 సెకనులు పట్టును. గంటకు 160 కిలోమీటర్ల వేగము గల విమానము ఆలోపల 4 కిలోమీటర్లు వచ్చును. ఇంకను 10 నిమిషముల వ్యవధి యుండును. వేగము 400 కిలోమీటర్లైనచో మిగులునది 3 నిమిషములే. 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీ సమీపమున వాట్సన్-వాట్, విల్కిన్స్ అనువారు విమానమునుండి రేడియో తరంగములు మరలివచ్చుటను నిరూపించిరి. దర్పణములు మూలబడెను.

మూలబడిన ఆ ఉపాయమే డ్రోనులయందు మరల తలయెత్తినది. 2016 నుండి రువాండాలో ఆస్పత్రులకు డ్రోనులపై రక్తమును చేరవేసిన జిప్‌లైన్ సంస్థ, మైక్రోఫోనులతో ఇతర విమానములను పసిగట్టు ఏర్పాటును 2022లో ప్రకటించెను. తమ ఉనికిని రేడియో ద్వారా తెలుపని చిన్న విమానములు ఆకాశమున తిరుగుచుండును; వానిలో మనుష్యులుందురు. చిన్న డ్రోనునకు రాడారు బరువు, కెమెరాకు మబ్బు అడ్డు. మైక్రోఫోను తేలిక, అన్ని దిక్కులను వినును. గంటకు 216 కిలోమీటర్ల విమానము, 100 కిలోమీటర్ల డ్రోను ఎదురెదురుగా వచ్చుచు, 3 కిలోమీటర్ల ఎడమున వెలువడిన మోత వినబడినచో, తప్పుకొనుటకు దాదాపు 25 సెకనులు మిగులును. నగరమును మేల్కొలుపుటకు 3 నిమిషములు చాలలేదు. డ్రోను ప్రక్కకు మళ్ళుటకు 25 సెకనులు చాలును.

దిక్కును తెలుపునది వేర్వేరు మైక్రోఫోనులకు ధ్వని చేరు కాలములలోని తేడా. ఒక మీటరు ఎడముగా నున్న రెంటికి ఈ తేడా 3 మిల్లీసెకనులకు మించదు. చిక్కంతయు డ్రోను సొంత రొదతోను, గాలి హోరుతోను. ప్రొపెల్లరు నిమిషమునకెన్ని చుట్లు తిరుగునో డ్రోనునకు తెలియును గనుక ఆ పౌనఃపున్యములను లెక్కగట్టి వేరుచేయవచ్చును. గాలి హోరునకు అట్టి క్రమము లేదు. దానిని తొలగించుట కష్టతరము. ఇక ఇంజనులేని గ్లైడరు ఎదురైనచో ఈ చెవులు పనిచేయవు. దానికి వేరొక సాధనము కావలయును.