చిగుళ్ల జబ్బు: చికిత్స, నివారణ

పళ్లు తోముకునేటప్పుడు ఉమ్మిలో నెత్తురు చార కనబడితే అది చిగుళ్ల జబ్బుకు తొలి గుర్తు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు, వేడి చేసిందని సరిపెట్టుకోవడం మామూలే. నొప్పి ఉండదు గనుక డాక్టరు గుర్తుకు రాడు. పన్ను కదిలాక వెళితే, దాన్ని పట్టి ఉంచే ఎముక అప్పటికే చాలావరకు కరిగిపోయి ఉంటుంది.

ఈ జబ్బుకు మూలం పంటి మీద రోజూ పేరుకునే పాచి. 1965లో డెన్మార్క్‌లో హారాల్డ్ లో అనే దంతవైద్య పరిశోధకుడి బృందం, ఆరోగ్యమైన చిగుళ్లున్న 12 మంది చేత పళ్లు తోముకోవడం మాన్పించింది. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక కొద్ది రోజులకే వాపు పోయింది. ఈ దశలో జబ్బు పూర్తిగా నయమవుతుంది. అందుకే నెత్తురు కనబడిన రోజే మేలుకోవాలి.

అలా వదిలేసిన పాచి లాలాజలంలోని కాల్షియం లవణాలతో గట్టిపడి గారగా మారుతుంది. అది బ్రష్షుకు రాదు, ఉప్పుకూ బొగ్గుపొడికీ అసలే రాదు. చిగురు పంటిని వదిలి సంచిలా తెరుచుకుంటుంది. డాక్టరు గీతలున్న సన్నని కడ్డీతో ఆ లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల లోపైతే ఫర్వాలేదు. 4, ఆపైన ఉంటే చికిత్స అవసరమయ్యే అవకాశం ఎక్కువ.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్ల వాపు మళ్లీ షుగర్‌ను అదుపు తప్పిస్తుంది. పొగాకు బుగ్గన పెట్టుకుంటే ఆ చోట చిగురు జారి పంటి వేరు బయటపడుతుంది. బీడీ, సిగరెట్టు తాగేవాళ్లకు నెత్తురు తక్కువగా వస్తుంది కాబట్టి జబ్బు బయటికి తెలియదు.

చికిత్స గార తీయడంతో మొదలవుతుంది. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం ఎంతోమందిని ఆసుపత్రి గడప తొక్కనివ్వడం లేదు. నిజానికి గార పోయి వాపు తగ్గాక, జబ్బు అంతకుముందే చేసిన సందులు బయటపడతాయి. కొన్నాళ్లు చల్లనీళ్లకు పళ్లు జివ్వుమంటాయి. సంచులు లోతుగా ఉంటే మత్తుసూది ఇచ్చి వేర్లను శుభ్రం చేస్తారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ కొలుస్తారు. అప్పటికీ తగ్గకపోతే చిగురు తెరిచి ఆపరేషన్ చేస్తారు. జబ్బు ముదిరినవాళ్లు తర్వాత కూడా సాధారణంగా మూడు నెలలకొకసారి చూపించుకోవాలి.

మందుల కథ వేరు. 1962లో బ్రిటన్‌లో డేవిడ్ షిన్ అనే దంతవైద్యుడు ఒక విషయం ప్రకటించారు. వేరే ఇన్ఫెక్షన్‌కు మెట్రోనిడజోల్ వాడిన ఒక మహిళకు చిగుళ్ల పుండ్లు కూడా మానాయి. ఆ మాత్ర అలా దంతవైద్యంలోకి వచ్చింది. అయితే ఏ మాత్రా గారను కరిగించదు. మందుల షాపులో కొని మింగితే నాలుగు రోజులు ఉపశమనం దొరుకుతుందేమో గానీ జబ్బు లోపల సాగుతూనే ఉంటుంది.

పెద్ద చికిత్సకు తిరుపతి, కడప, బెంగళూరు దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. కుప్పం వాళ్లకు బెంగళూరు రైలు అందుబాటులో ఉంది. మదనపల్లె టమోటా మార్కెట్‌లో మూటలు మోసే కూలీకి మాత్రం తిరుపతి ప్రయాణమంటే ఒక రోజు కూలి పోయినట్టే, పైగా ఒక్కసారితో పని పూర్తికాదు. కేంద్రం 2014-15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. దాని ఫలం ఇలాంటివాళ్లకు దక్కాలంటే ఊళ్లోని ప్రభుత్వ ఆసుపత్రిలోనే గార తీసే యంత్రం, డాక్టరు రోజూ ఉండాలి. షుగర్ పరీక్షకు వచ్చినవాళ్ల నోరు కూడా అక్కడే చూడాలి.

ఇంట్లో చేయాల్సింది కొంచెమే. మెత్తటి బ్రష్షును చిగురు అంచుకు వాలుగా పెట్టి పూటకు రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు తోమాలి. వేపపుల్ల, కానుగపుల్ల ముందు పళ్లకు బాగానే పనిచేస్తాయి గానీ దవడపళ్ల వెనకకు సరిగా అందవు. ఇటుకపొడి పంటిని అరగదీస్తుంది. పళ్ల మధ్య ఖాళీ ఉన్నవాళ్లు ఆ సందుల్లోకి దూరే చిన్న బ్రష్షు రోజుకొకసారి వాడాలి, ఎందుకంటే మామూలు బ్రష్షు అక్కడికి చేరదు.