కోటి అంటే అంచు



"కోటి" అనే మాట మన నోట ఊరికే వస్తుంది. కోటి వందనాలంటాం, కోటి స్తోత్రాలంటాం. అమ్రాబాద్ నుండి పట్నం పోయినవాళ్లు కోఠిలో దిగామంటారు. ఆ కోఠికీ ఈ కోటికీ సంబంధం లేదు. కోఠి అంటే పెద్ద భవంతి. అక్కడున్న పాత రెసిడెన్సీ భవనాన్ని బట్టి ఆ పేరు వచ్చింది. మరి లెక్కల్లోని కోటి ఎక్కడిది? ఈ వారం అది చూద్దాం. ప్రభువు చెప్పిన ఒక ఉపమానం ఆ మాటతో మనకు బాగా తేటపడుతుంది.

వెయ్యి మన సొంత మాట. తమిళుల ఆయిరం, కన్నడిగుల సావిర సంస్కృతంలోని సహస్రం నుండి వచ్చినవని భాషా పండితులు చెబుతారు. మన వెయ్యి అట్లా కాదు, అది తెలుగు మాటే. వెయ్యి దాటినాక లక్ష, కోటి మాత్రం సంస్కృతం నుండి తెచ్చుకున్నాం. లక్ష అంటే మొదట గుర్తు, గురి. కోటి అంటే కొన, అంచు. వింటి కొనను కూడా కోటి అంటారు. రామేశ్వరం దగ్గర భూమి సన్నగా సముద్రంలోకి పోయి ఆగిపోయేచోట ధనుష్కోటి ఉంది. ఆ పేరుకు వింటి కొన అని అర్థం.

యజుర్వేదంలోని సంఖ్యల వరుసలో కోటి అనే పేరు లేదు. ఒకటి పక్కన ఏడు సున్నాలున్న సంఖ్యను అక్కడ అర్బుదం అన్నారు. 499 నాటి ఆర్యభటీయంలో అదే చోట కోటి కనబడుతుంది. లెక్కకు ఇదే చివరి కొన అనే భావంతో ఆ పేరు పెట్టి ఉంటారని నిఘంటువుల వల్ల తెలుస్తుంది. తర్వాత మనుషులు ఆ అంచు కూడా దాటి లెక్కపెట్టారు, పేరు మాత్రం నిలిచింది. ఉత్తరాదిన అది కరోడ్ అయింది. అక్బరు కాలంలో కోటి దాముల శిస్తు వచ్చే ప్రాంతం మీద ఉన్న అధికారిని కరోరీ అన్నారు. రూపాయికి 40 దాములు కాబట్టి అది 2,50,000 రూపాయలు.

ఇప్పుడు బైబిలు లోకానికి వద్దాం. కొత్త నిబంధన రాసిన గ్రీకులో సొంత పేరున్న సంఖ్యల్లో పెద్దది పదివేలు. దాన్ని మురియోయ్ అంటారు. ఉచ్చారణ కాస్త మారిస్తే అదే మాటకు "లెక్కలేనన్ని" అని అర్థం. ఇంకా పెద్ద లెక్క చెప్పాలంటే పదివేల పదివేలు అనాల్సిందే. ప్రకటన 9:16లో యోహాను గుఱ్ఱపు రౌతుల లెక్క అట్లాగే రాశాడు: పదివేల పదివేలు, దానికి రెండింతలు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు దాన్ని రెండు వందల వేల వేలు అని తిప్పి చెప్పుకోవలసి వచ్చింది. మన తెలుగు బైబిలులో ఒక్క ముక్కలో ఇరువది కోట్లు అని ఉంది. పదివేలను పదివేలతో హెచ్చిస్తే పది కోట్లు, దానికి రెండింతలు ఇరవై కోట్లు. లెక్క సరిగ్గా సరిపోయింది.

ఇక మత్తయి 18వ అధ్యాయం. ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు అచ్చియున్నాడు. తలాంతు ఆనాటి డబ్బులో అన్నిటికంటే పెద్ద కొలత. పదివేలు అన్నిటికంటే పెద్ద సంఖ్య. ప్రభువు ఆ రెంటినీ కలిపి చెప్పాడు. అంటే అప్పును లెక్క అంచు దాకా తీసుకుపోయాడు.

తలాంతుకు సుమారు 6,000 దేనారాలు. దేనారం అంటే ఒక దినం కూలి. మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలీలకు ఇచ్చింది అదే. కాబట్టి ఆ అప్పు ఆరు కోట్ల దినాల కూలి. ఏడాదికి 300 దినాలు పనిచేసినా తీరడానికి రెండు లక్షల ఏండ్లు పడుతుంది. అటువంటివాడు కాళ్లమీద పడి, కొంచెం ఓర్చుకో, అంతా కట్టేస్తానన్నాడు. రాజు గడువు ఇవ్వలేదు. అప్పే కొట్టేశాడు.

ఆ దాసుడు బయటికొచ్చి తోటి దాసుని గొంతు పట్టుకున్నది నూరు దేనారాల కోసం. అంటే వంద రోజుల కూలి. వంద రోజులంటే మనకు బాగా తెలుసు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఇంటికి ఏడాదికి ఇస్తానన్న పని అంతే. అది చిన్న బాకీ అని ప్రభువు అనలేదు. ఎండలో మట్టి తవ్వినవాళ్లకు వంద రోజుల కూలి విలువ తెలుసు. అయితే మాఫీ అయిన అప్పు దానికి ఆరు లక్షల రెట్లు.

ప్రియులారా, మన పైపట్టి పల్లెల్లో పత్తి పోయిన ఏడు, బోరు ఎండిన ఏడు చేబదుళ్లు పెరుగుతాయి. నూటికి మూడు రూపాయల వడ్డీ నడుస్తుంది. అన్నదమ్ములు ఒకే మందిరంలో చెరో పక్కన కూర్చుంటారు, ఒకే పాత్రలో నుండి తాగుతారు, బయట పలకరించుకోరు. తీసుకున్నవాడు ఎగ్గొట్టడానికి ఈ వాక్యాన్ని అడ్డం పెట్టుకోకూడదు. చేతనైనంత కట్టాలి, కట్టలేకపోతే తప్పించుకు తిరగకుండా ఎదురుపడి చెప్పాలి. ఇచ్చినవాడు మాత్రం చేయి చాచేముందు తన ఆరు కోట్ల దినాలు తలచుకోవాలి. అసలు వదులుకోలేని ఇల్లయితే వడ్డీ వదులుకోవచ్చు, గడువు ఇవ్వవచ్చు. గొంతు మీది చేయి మాత్రం తీయవచ్చు.

వచ్చే ప్రభు రాత్రి భోజనానికి ముందే మనలో ఎవరికి ఆ మాట ఉందో వాళ్లు ఆ గడపకు పోయి రండి. ఆ తర్వాత అందరం కలిసి కోటి స్తోత్రాలు చెప్పుకుందాం. ఆమేన్.