కలవమన్న నంద్యాల

మంట దగ్గరికి జరుగు అమ్మీ, చెప్తా. స్వాతంత్ర్యం వచ్చి నెలన్నర కూడా కాలే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అదే సి.ఎస్.ఐ., పుట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చ్ వాళ్లు, అందరూ ఒక్క సంఘమైరి. దోర్నకల్ అజరయ్య బిషప్ ఏండ్ల తరబడి దానికోసమే పాటుపడినాడు. ఆ దినం చూడకుండానే 1945లో కన్నుమూసినాడు. మిషనుకొక గుడిగా మనమే చీలిపోయి ఉంటే కొత్తగా నమ్మినోళ్లకు ఏం చూపిస్తామని ఆయన బాధ. ఆయన మాటే సరైనదని నేను ఇప్పటికీ అంటా.

మన నంద్యాల పక్క శానామంది మటుకు మేం కలవం అన్నారు. ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషను దొరల కాలం నుంచి బిషప్ తలమీద చేతులుంచి అభిషేకించినోడే అయ్యగారు, ఆయన చేత్తోనే సంస్కారం. అట్ల అభిషేకం లేని వేరే మిషన్ల పాస్టర్లు కూడా ఇంక మన సంస్కారపు బల్ల దగ్గర నిలబడతారంటే మా నాయన ఈడు పెద్దలకు మనసొప్పలే. వాళ్లను మొండోళ్లు అనద్దు. ఊరి బావి దగ్గరికి కూడా రానియ్యని కాలంలో మనోళ్లను పిలిచి మోకరించమన్న బల్ల అది. దాని తీరు రవ్వంత మారినా ఉన్న ఒక్క చోటూ పోతుందేమోనని భయం.

ఆ బల్ల సంగతే ఇంకోటి చెప్తా. మాయమ్మ బైబిలు స్త్రీ. మగోళ్లు గడప తొక్కలేని గోషా ఇండ్లకు ఆమె పోయేది. పల్లెల్లో కలుపు తీసే ఆడోళ్ల పక్కన తానూ వంగి కలుపు తీస్తా కథలు చెప్పేది. రాత్రి బుడ్డి దీపం ముందర వాళ్లకు అక్షరాలు దిద్దించేది. పురిటి నొప్పులొచ్చినా ముందు ఆమెకే కబురు. ఆమె మాట విని నమ్మినోళ్లకు బాప్తిస్మమియ్యనీకి మాత్రం అయ్యగారు బండి కట్టుకోని రావాల్సిందే. ఆదివారం ఆమె ఆడోళ్ల చాప మీద కూసోని వినాల్సిందే. సువార్త మోసే పనికి పనికొచ్చిన మనిషి బల్ల దగ్గరికి ఎందుకు పనికిరాదని ఆ దినాల్లో ఎవ్వరూ అడగలే. అడిగుండాల్సింది.

రెండు పుష్కరాలు దాటినాక గాని మన నంద్యాల సి.ఎస్.ఐ.లో కలవలే. అట్లాంటి నంద్యాలకే 2013లో పుష్పలలితమ్మ బిషప్ అయింది. సి.ఎస్.ఐ. మొత్తానికి మొదటి ఆడ బిషప్ ఆమె! ఆ పొద్దు కూడా కొందరు ఇది తెల్లోళ్ల పోకడ అని గొణిగిరి. మనకు ప్రార్థన పుస్తకమిచ్చిన ఇంగ్లండు సంఘంలో అప్పటికి ఆడ బిషప్ ఒక్కరన్నా లేరమ్మీ. వాళ్లు 2015లో చేసినారు, మన తర్వాత.